చాండ్లర్ ఏడు నవలల్లో ఆరింట్లో ఆడదే దోషి, ఇదేం లెక్క?

ఆదివారం_ఆబిడ్స్
నాలుగు నెలలు పట్టింది కానీ అమెరికన్ డిటెక్టివ్ రచయిత రేమండ్ చాండ్లర్ నవలలు ఏడూ వరసగా చదివేశాను. 1939లో వచ్చిన ది బిగ్ స్లీప్‌తో మొదలుపెట్టి 1958 నాటి ప్లేబ్యాక్ దగ్గర ఆపాను. కింద స్పాయిలర్లు బోలెడు, చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

వాక్యాలు ఎంత బాగుంటాయో చెప్పక్కర్లేదు, ఒక్కోచోట పుస్తకం మూసేసి ఆ లైను మనసులో ఇంకోసారి అనుకుని మళ్ళీ తెరిచేదాన్ని. కానీ మూడో నవలకొచ్చేసరికి కథలోకి ఏ ఆడమనిషి అడుగుపెట్టినా ఈవిడే చంపుంటుంది అనుకోవడం అలవాటైపోయింది. అంచనా తప్పలేదు కూడా. బిగ్ స్లీప్‌లో కార్మెన్. ఫేర్‌వెల్ మై లవ్లీలో వెల్మా. హై విండోలో పాత హత్య మిసెస్ మర్డాక్‌ది. లేడీ ఇన్ ద లేక్‌లో మిల్డ్రెడ్. లిటిల్ సిస్టర్‌లో డొలోరెస్, పక్కనే తోడబుట్టినవాణ్ణి డబ్బుకి అమ్ముకున్న ఓర్ఫమే. లాంగ్ గుడ్‌బైలో ఐలీన్ వేడ్. ఏడింట్లో ఆరు!

బిగ్ స్లీప్‌లో ఒక సీను ఉంటుంది, ఈ నవలల్లో డిటెక్టివ్ అయిన మార్లో ఇంటికొచ్చేసరికి కార్మెన్ బట్టల్లేకుండా అతని మంచం మీద ఉంటుంది, బయటికి పంపేస్తాడు, సరే. ఆ తర్వాత మంచం దగ్గరికెళ్ళి దుప్పట్లూ పరుపూ చీల్చి పోగులు పెడతాడు. తర్వాతి అధ్యాయం మొదట్లోనే ఆడవాళ్ళంటే తనకి వాంతి వచ్చేట్టుందన్న అర్థంలో ఒక మాట. కాలేజీలో చదివినప్పుడు ఇదంతా స్టైల్ అనుకుని దాటేశాను, ఇప్పుడు 41 ఏళ్ళకి చదివితే నన్ను గదిలోంచి పొమ్మన్నట్టు అనిపించింది. ఈ పుస్తకాలంటే నాకు నిజంగా ప్రాణం, అందుకే అడుగుతున్నా. ఇది ఆ కాలమా, ఆ మనిషా, లేకపోతే హార్డ్‌బాయిల్డ్ కథ అనేదే ఇది లేకుండా నడవదా?

బెజవాడ_బాబ్జీ
1939 పుస్తకానికి ఇప్పటి కళ్ళద్దాలు పెట్టి చూస్తే ఎలా అండి. మిస్టరీ అన్నాక పాఠకుడు అనుమానించని మనిషే హంతకుడవ్వాలి, ఆ రోజుల్లో ఆడవాళ్ళని ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు కాబట్టి ఆడమనిషిని పెడితే షాక్. అంతకుమించి ఏం లేదు. పైగా హై విండోలో మిసెస్ మర్డాక్ అందగత్తె కాదు, పోర్ట్ వైన్ తాగుతూ కూర్చునే ముసలావిడ. అందరినీ ఒకే గాటన కట్టేయకండి.

ముళ్ళకంప
ఒకసారి పెడితే షాకు. ఆరుసార్లు పెడితే దాన్ని ఇంకేమంటారో మీరే చెప్పండి బాబ్జీ గారు.

ఓరుగల్లు_పోరడు
నేనైతే సినిమానే చూసిన, బుక్కు చదవలే. స్పాయిలర్లు ఉన్నయని ముందే చెప్పిన్రు కాబట్టి అనేదేం లేదు. కానీ ఒక డౌట్, హార్డ్‌బాయిల్డ్ అంటే ఉడకవెట్టిన గుడ్డా ఏంది?

నల్లపిల్లి
@ఓరుగల్లు_పోరడు అవును తమ్ముడూ, ఆ గుడ్డే. లోపల కారేదేమీ మిగలకుండా గట్టిపడిపోయిన మనిషి అని. ఆ పోలికలోనే సగం జవాబు ఉంది.

కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. అమెరికాలో బ్లాక్ మాస్క్ అనే పత్రిక 1920లో మొదలైంది, చౌక కాగితం మీద అచ్చేసే పల్ప్ పత్రిక. పెట్టింది మెన్‌కెన్, నేథన్ అనే ఇద్దరు పెద్ద సాహిత్య సంపాదకులు, వాళ్ళ అసలు పత్రికకి డబ్బులు కావాలని పెట్టారు, కొన్నాళ్ళకే అమ్మేశారు. 1923లో అందులోనే క్యారల్ జాన్ డేలీ రేస్ విలియమ్స్ అనే డిటెక్టివ్‌ని దింపాడు, ముందు తుపాకీ తర్వాత మాట, అలాంటి మనిషి. అదే ఏడాది డాషియల్ హామెట్ రాసిన పేరులేని డిటెక్టివ్ కాంటినెంటల్ ఆప్ వచ్చాడు. 1926 నుంచి పదేళ్ళు జోసెఫ్ షా అనే ఆయన సంపాదకుడుగా ఉన్నాడు, మనం హార్డ్‌బాయిల్డ్ అనే రుచి ఆయన చేతిలోనే కుదురుకుంది.

ఇప్పుడు అవతలి పక్క చూడండి. అదే 1920లలో డిటెక్టివ్ నవల అంటే ఇంగ్లాండ్, పెద్ద బంగళా, టీ కప్పులు, లైబ్రరీలో శవం. అందులో మహారాణులెవరు? అగాథా క్రిస్టీ, డొరతీ సేయర్స్. చాండ్లర్ 1944లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో రాసిన వ్యాసం చదివితే ఆయన కోపమంతా ఆ రకం నవల మీదే. హామెట్ హత్యని పూలకుండీలోంచి తీసి సందులో పడేశాడని మెచ్చుకుంటాడు. ఆ చివర్లో ఈ నికృష్టపు వీధుల్లో నడవాల్సినవాడు ఎలాంటివాడై ఉండాలో చెప్తాడు, ఆ పేరా అంతా ఒకటే జపం: వాడొక మగాడు, పూర్తి మగాడు, మామూలు మగాడు. అంటే డ్రాయింగ్ రూములోంచి కథని వీధిలోకి తెచ్చాం అన్నప్పుడు ఆడవాళ్ళ చేతిలోంచి తెచ్చాం అన్న ధ్వని కూడా అందులో ఉంది. అమెరికాలో ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు వచ్చింది కూడా 1920లోనే. కొత్తగా జుట్టు కత్తిరించుకుని ఉద్యోగానికెళ్ళే అమ్మాయి, సొంత డబ్బున్న అమ్మాయి, ఈ పల్ప్ కథల్లోకి అనుమానితురాలిగానే వచ్చింది. అది యాదృచ్ఛికం అని నేననుకోను.

బెజవాడ_బాబ్జీ
బాగా రాశారు గానీ చాండ్లర్‌ని ఆడవాళ్ళ శత్రువు చేసేయకండి. ఆయన తనకన్నా 18 ఏళ్ళు పెద్దావిడ సిస్సీని చేసుకుని ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాడు, 1954లో ఆవిడ పోయాక మనిషి మళ్ళీ కోలుకోలేదు. అలాంటివాడు ఆడవాళ్ళని ద్వేషిస్తాడా?

ముళ్ళకంప
ఇంట్లో ఆవిణ్ణి ప్రేమించాడా లేదా అని ఎవరూ అడగలేదు. పేజీ మీద ఏం చేశాడన్నదే అడుగుతున్నాం. మా పెదనాన్న మా పెద్దమ్మని దేవతలా చూసుకునేవాడు, వీధిలో ఇంకో ఆడమనిషి గట్టిగా నవ్వితే మాత్రం పళ్ళు కొరికేవాడు. రెండూ ఒకే మనిషిలో హాయిగా ఉంటాయి.

టెక్సాస్_తాతయ్య
సినిమాల వైపు నుంచి ఒక మాట. హాలీవుడ్‌లో 1934 నుంచి హేస్ కోడ్ అనే సెన్సార్ నియమావళి గట్టిగా అమలైంది, తప్పు చేసినవాళ్ళకి తెర మీద శిక్ష పడి తీరాలి. కాబట్టి అందంగా సిగరెట్ కాల్చి మగాణ్ణి ఆడించిన ఏ హీరోయిన్ అయినా ఆఖరి రీలుకి చావాలి, లేదా జైలుకెళ్ళాలి. 1944లో డబుల్ ఇండెమ్నిటీ చూడండి, జేమ్స్ కెయిన్ నవల, బిల్లీ వైల్డర్‌తో కూర్చుని స్క్రిప్ట్ రాసింది మన చాండ్లరే. హీరోయిన్ బార్బరా స్టాన్‌విక్ మెట్లు దిగుతుంటే కాలి గొలుసు దగ్గర కెమెరా. ఆ గొలుసు చూశాక ఇన్సూరెన్స్ ఏజెంట్ బతుకు ఏమవుతుందో మనకి తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, 1946 బిగ్ స్లీప్ సినిమా స్క్రిప్ట్ రాసినవాళ్ళలో లీ బ్రాకెట్ ఉంది. ఆవిడ రాసిన హార్డ్‌బాయిల్డ్ నవల ఒకటి చదివి డైరెక్టర్ హాక్స్ "ఆ బ్రాకెట్ అనే కుర్రాణ్ణి పిలిపించండి" అన్నాట్ట. గదిలోకి ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి వచ్చింది! 1973లో లాంగ్ గుడ్‌బై సినిమా స్క్రిప్టూ ఆవిడదే, స్టార్ వార్స్ రెండో సినిమాకి తొలి డ్రాఫ్ట్ రాసిందీ ఆవిడే. మగవాళ్ళ గొంతు మగవాళ్ళే రాయగలరు అనుకునేవాళ్ళకి చెప్పండి.

ఓరుగల్లు_పోరడు
గీ ముచ్చట మస్తుంది తాతా.

బెజవాడ_బాబ్జీ
అదే కదా నేను చెప్పేది, శిక్షించింది సెన్సార్ వాళ్ళు, రచయితలు కాదు.

ముళ్ళకంప
పుస్తకాలకి హేస్ కోడ్ లేదండీ! 1947లో మికీ స్పిలేన్ రాసిన ఐ ద జ్యూరీ తీసుకోండి. హంతకురాలు షార్లట్ సైకియాట్రిస్ట్, చదువుకున్నది, సంపాదించేది, హీరో మైక్ హ్యామర్ పెళ్ళి చేసుకుందాం అనుకున్న మనిషి. చివర్లో అతను కేసంతా వివరిస్తూ ఉంటే ఆవిడ ఒక్కొక్క బట్టా విప్పుతూ దగ్గరికొస్తుంది, పొట్టలో కాల్చేస్తాడు. ఎలా చేయగలిగావు అని అడుగుతుంది, తేలిగ్గానే అంటాడు. పుస్తకం అయిపోయింది. లక్షల కాపీలు అమ్ముడైన నవల ఇది, యుద్ధం నుంచి ఇంటికొచ్చిన మగవాళ్ళు ఎగబడి చదివిన నవల. యుద్ధమప్పుడు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు పనిచేశారు, తిరిగొచ్చాక ఆ పనుల్లోంచి దిగిపొమ్మన్నారు. అలాంటి రోజుల్లో డాక్టరమ్మని పొట్టలో కాల్చి "తేలిగ్గానే" అనడం వట్టి ప్లాట్ ట్విస్ట్ అంటే నేనొప్పుకోను.

బెజవాడ_బాబ్జీ
స్పిలేన్ సంగతి ఒప్పుకుంటా, అది నాకూ మింగుడుపడదు. కానీ స్పిలేన్‌నీ హామెట్‌నీ ఒకే తక్కెట్లో పెట్టకండి. హామెట్ 1930 నవల మాల్టీస్ ఫాల్కన్‌లో డిటెక్టివ్ శామ్ స్పేడ్ దగ్గర సెక్రెటరీ ఎఫీ పెరీన్ ఉంటుంది, ఎంత గౌరవంగా చూస్తాడు! ఆఫీసులోకి శవం వచ్చి పడినా తట్టుకుని నిలబడితే "నువ్వు భలే మగాడివమ్మా" అని మెచ్చుకుంటాడు. అంతకంటే ఏం కావాలి?

అర్ధరాత్రి_రీడర్
అదేనండీ సమస్య. ఆడమనిషిని మెచ్చుకోవాలంటే మగాడివి అనాల్సొచ్చింది.

నల్లపిల్లి
ఆ నవల్లో ముఖ్యంగా ముగ్గురు ఆడవాళ్ళు. కేసు తెచ్చిన బ్రిజిడ్ అబద్ధాల పుట్ట, హంతకురాలు కూడా, ఐవా పార్ట్‌నర్ పెళ్ళాం, వదలకుండా వెంటపడుతుంది, ఎఫీ సిగరెట్లు చుట్టిచ్చే మంచి పిల్ల. మాయలేడి, జలగ, చెల్లెమ్మ. స్పేడ్ చుట్టూ ఈ మూడు కుర్చీలే ఉన్నాయి, నాలుగోది లేదు.

ఓరుగల్లు_పోరడు
మాయలేడి ఎనకాల రాముడంతటోడే పోయిండు, గీ స్పేడ్ పోలే, పోలీసులకు పట్టిచ్చిండు. మనోడు జర గట్టోడే.

పాత_నిఘా
ఈ త్రెడ్ చూసి చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలో ఆరేళ్ళు ఫీల్డ్‌లో పనిచేశాను, ఏజెన్సీ పేరు వద్దు. నవలల్లో ఆడమనిషి అంటే క్లయింటు, హంతకురాలు, లేకపోతే టైపిస్టు. కానీ అసలు పనిలో మేం ఆడవాళ్ళం లేకపోతే సగం కేసులు కదలవు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యతో పది నిమిషాలు మాట్లాడి రాగలిగేది ఎవరు? పెళ్ళిసంబంధం ఎంక్వైరీకి వెళ్ళి అమ్మాయి వాళ్ళ వంటింటి దాకా వెళ్ళగలిగేది ఎవరు?

ఇది కొత్తేం కాదు. 1856లో షికాగోలో అలన్ పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీ ఆఫీసుకి కేట్ వార్న్ అనే యువతి వెళ్ళి ఉద్యోగం అడిగింది, క్లర్కు పని కోసం వచ్చిందనుకున్నాడు, కాదు డిటెక్టివ్ పనే కావాలంది, మగవాళ్ళు వెళ్ళలేని చోట్లకి మేం వెళ్తాం అని వాదించి గెలిచింది. 1861లో లింకన్‌ని చంపే కుట్ర ఉందని తెలిసి ఆయన్ని రహస్యంగా రైల్లో వాషింగ్టన్ చేర్చినప్పుడు జబ్బు చేసిన అన్నయ్య అని చెప్పి పక్కన ఉన్నది ఈవిడే. ఇప్పుడు చూడండి, హామెట్ 1915లో చేరింది ఆ పింకర్టన్ ఏజెన్సీలోనే. అరవై ఏళ్ళ ముందే ఆడ డిటెక్టివ్ ఉన్న కంపెనీలో పనిచేసిన మనిషి రాసిన ప్రసిద్ధ నవలల్లో డిటెక్టివ్ కుర్చీలో ఆడమనిషి లేదు. తెలియక కాదు కదా.

ఓరుగల్లు_పోరడు
అక్కా ఒక్క కేసు చెప్పు ప్లీజ్, పేర్లు లేకుండనే.

పాత_నిఘా
ఒకటి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. ఒక భర్త వచ్చాడు, భార్య రోజూ మధ్యాహ్నం రెండింటికి ఎక్కడికో వెళ్తోంది, ఎవడో ఉన్నాడు, ఎవడో కనుక్కోండి అన్నాడు. ఎవడో ఉన్నాడా అని అడగలేదు, ఎవడో చెప్పమన్నాడు. పదకొండు రోజులు వెనకాల తిరిగాను. రెండు బస్సులు మారి ఒక ఆస్పత్రికి వెళ్ళేది, జనరల్ వార్డులో వాళ్ళమ్మ దగ్గర కూర్చుని తల దువ్వి, అన్నం కలిపి పెట్టి, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉండేది. పుట్టింటితో మాటలొద్దని అత్తింట్లో ఆంక్ష. రిపోర్ట్ రాసిచ్చాను. అతను చదివి "ఇంకో వారం చూడండి" అన్నాడు. అతని మనసులో కథ ముందే అచ్చయిపోయింది, మేం తెచ్చింది ఆ కథకి సరిపోలేదు.

నేను ఆ పుస్తకాలు చదివింది ఉద్యోగం మానేశాక. బ్రిజిడ్ అబద్ధం చెప్పిన ప్రతిసారీ నాకు ఆవిడ గుర్తొచ్చేది, ఆవిడా రోజూ అత్తగారికి అబద్ధం చెప్పే బయటికొచ్చేది.

ఆదివారం_ఆబిడ్స్
నిఘా గారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ముళ్ళకంప
"ఇంకో వారం చూడండి." అబ్బా.

బెజవాడ_బాబ్జీ
తర్వాత ఏమైంది? ఆ వారం చూశారా?

పాత_నిఘా
లేదు, నేను కేసు వదిలేశాను. వేరేవాళ్ళకి ఇచ్చి ఉంటారు.

అర్ధరాత్రి_రీడర్
ఆడవాళ్ళ గురించే మాట్లాడుతున్నాం, కరెక్టే, కానీ ఇదే అచ్చులో మగవాళ్ళనీ పోశారు. మార్లోకి అమ్మానాన్నా లేరు, స్నేహితుడు లేడు, సోఫా, చదరంగం బల్ల, విస్కీ సీసా. దెబ్బలు తింటాడు, స్పృహ తప్పుతాడు, లేచి ముఖం కడుక్కుని మళ్ళీ బయల్దేరతాడు. ఏడవడు. ఈ అచ్చులో ఇమడని మగాణ్ణి ఏం చేశారో చూడండి. మాల్టీస్ ఫాల్కన్‌లో జోయెల్ కైరో, సెంటు వాసన, మెత్తని చేతులు, స్పేడ్ అతన్ని కొట్టి నవ్వుకుంటాడు. బిగ్ స్లీప్‌లో గైగర్ అనేవాడి ఇంటి పరదాలూ తివాచీలూ వర్ణించేటప్పుడు మార్లో గొంతులో ఎంత ఏవగింపు! మెత్తగా ఉంటే మనిషి చెడ్డవాడు అన్నట్టే.

మా నాన్న ఇలాంటి ఇంగ్లీషు నవలలు ట్రంకు పెట్టెనిండా దాచుకునేవాడు, ఎక్కువ జేమ్స్ హాడ్లీ చేజ్‌వి. మా నాయనమ్మ పోయినరోజు అందరూ ఏడుస్తుంటే ఆయన దొడ్లో నుంచుని వరసగా సిగరెట్లు కాల్చాడు. నాకు పదేళ్ళు, ఎంత గట్టి మనిషో అని గొప్పగా అనిపించింది. ఆర్నెల్ల తర్వాత ఒకరాత్రి నీళ్ళు తాగడానికి లేస్తే వంటింట్లో చీకట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి వెళ్ళిపోయాడు. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఇప్పుడు ఆయన లేడు. ఆ పుస్తకాలు చేశాయి అనట్లేదు. కానీ ఆయన ఏ మగాడిలా ఉండాలని చూశాడో నాకు ఆ ట్రంకు పెట్టెలో కనిపిస్తుంది.

టెక్సాస్_తాతయ్య
బాబూ, మా తరం మగవాళ్ళలో చాలామంది కథ ఇదే. బాగా రాశావు.

బెజవాడ_బాబ్జీ
చేజ్ అంటే గుర్తొచ్చింది. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులో చేజ్ నవల కొంటే, అట్ట మీద పొట్టి గౌనులో తుపాకీ పట్టుకున్న అమ్మాయి ఉండేది, ఇంటికి తీసుకెళ్ళే ముందు న్యూస్ పేపర్‌తో అట్టేసేవాళ్ళం. లోపల కథలో ఆ అమ్మాయి ఉన్నా లేకపోయినా అట్ట మీద మాత్రం తప్పదు. ఇప్పుడు ఆలోచిస్తే మేం కొనేది ఆ అట్టనే.

నల్లపిల్లి
చేజ్ అమెరికన్ కూడా కాదు, లండన్ మనిషి, మ్యాపులూ స్లాంగ్ డిక్షనరీలూ దగ్గర పెట్టుకుని అమెరికా నేరగాళ్ళ కథలు రాశాడు. అంటే అప్పటికే ఇదొక అచ్చు అయిపోయింది, ఊరు చూడక్కర్లేదు, సామాను తెలిస్తే చాలు: టోపీ, వాన, సీసా, ఎర్ర లిప్‌స్టిక్.

ముళ్ళకంప
నాకు చాలా రోజులుగా ఉన్న మాట ఒకటి చెప్తాను. కార్మెన్ ఎందుకు చంపింది? అక్క మొగుడు రస్టీ రీగన్‌ని దగ్గరికి రమ్మంటే కాదన్నాడు, అందుకు. మార్లోనీ అందుకే కాల్చబోయింది. ఇది మనకి తెలిసిన కథే, శూర్పణఖ. వచ్చి నువ్వు నాకు నచ్చావు అని చెప్పింది, మగవాళ్ళిద్దరూ ఆటపట్టించారు, కోపమొచ్చింది, ముక్కుచెవులు పోయాయి. కోరిక నోటితో చెప్పిన ఆడది రాక్షసే అయ్యుండాలి. ఇక్కడ రాక్షసి బదులు మూర్ఛరోగం, పిచ్చి పెట్టారు, అంతే తేడా. చివరికి మార్లో ఏం చెప్తాడు? ఎక్కడికైనా తీసుకెళ్ళి వైద్యం చేయించండి అని అక్కకి చెప్తాడు. ఆ అమ్మాయితో ఒక్క ముక్క సూటిగా మాట్లాడినవాళ్ళు ఆ పుస్తకంలో లేరు.

నల్లపిల్లి
శూర్పణఖ మాట అద్భుతంగా ఉంది. దానికి తోడు ఇంకోటి, బిగ్ స్లీప్ మొదటి పేజీలోనే రంగుటద్దాల బొమ్మ ఉంటుంది కదా, చెట్టుకి కట్టేసిన అమ్మాయి, ఒంటి మీద పొడవైన జుట్టు తప్ప ఏమీ లేదు, కవచం తొడుక్కున్న యోధుడు తాడు విప్పుతుంటాడు, ముడి ఎంతకీ ఊడదు. నేనిక్కడ ఉంటే ఎప్పటికైనా పైకెక్కి సాయం చెయ్యాలేమో అనుకుంటాడు మార్లో. మంచం మీద కార్మెన్ సీనులో చదరంగం బల్ల మీద గుర్రాన్ని కదిపి వెనక్కి పెట్టి, ఈ ఆట యోధులది కాదు అనుకుంటాడు (ఇంగ్లీషులో ఆ గుర్రం పావునీ, యోధుణ్ణీ నైట్ అనే అంటారు). చాండ్లర్‌కి తెలుసు! ఆ యోధుడి కథ పాతబడిందని తెలుసు, అయినా వదల్లేకపోయాడు. కట్టేసిన అమ్మాయి కావాలి, ఆ అమ్మాయే తాడు విప్పుకుని దిగొస్తే భయం. అందుకే నాకు ఆయన మీద కోపం కన్నా జాలి ఎక్కువ.

బెజవాడ_బాబ్జీ
మరి ఫేర్‌వెల్ మై లవ్లీలో ఆన్ రియర్డన్? పోలీస్ చీఫ్ కూతురు, పత్రికలకి రాస్తుంది, తెలివైనది, ధైర్యం ఉన్నది, తనే వెళ్ళి సగం ఆధారాలు పోగుచేస్తుంది. ఆవిణ్ణి ఎందుకు వదిలేస్తున్నారు?

ఆదివారం_ఆబిడ్స్
నేను వదల్లేదు, మార్లో వదిలేశాడు. నాకు ఆ ఏడు పుస్తకాల్లో బాగా నచ్చిన మనిషి ఆవిడే. ఇంట్లో పడుకోడానికి చోటిస్తానంటే రాత్రికి రాత్రి లేచి వెళ్ళిపోతాడు. చాండ్లర్ ఆవిడ చేతికే కేసు ఇచ్చి ఒక నవల రాసుంటే ఎలా ఉండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అర్ధరాత్రి_రీడర్
అలాంటివి రాసినవాళ్ళు ఉన్నారు, ఆ రోజుల్లోనే. డొరతీ హ్యూస్ 1947లో ఇన్ ఎ లోన్లీ ప్లేస్ రాసింది. స్పిలేన్ నవలొచ్చిన ఏడాదే! కథంతా డిక్స్ స్టీల్ అనే మాజీ పైలట్ బుర్రలోంచి నడుస్తుంది, లాస్ ఏంజిలెస్‌లో రాత్రిపూట ఆడవాళ్ళ వెనకాల నడిచేవాడు. అదే పొగమంచు, అదే సిగరెట్లు, అదే ఒంటరి మగాడు, కానీ ఇక్కడ ప్రమాదం వాడే. వాణ్ణి ముందు పసిగట్టింది డిటెక్టివ్ కాదు, డిటెక్టివ్ భార్య సిల్వియా, ఆ తర్వాత పక్కింటి లారెల్. ఇద్దరు ఆడవాళ్ళు వాణ్ణి చూస్తున్నారని వాడికి తెలియకుండా మనకి తెలుస్తూ ఉంటుంది, చదువుతుంటే చేతులు చల్లబడతాయి. 1950లో సినిమా తీసినప్పుడు హంఫ్రీ బోగార్ట్ కదా అని హీరోని నిర్దోషిని చేసేశారు.

వెరా కాస్పరీ లారా 1943లో వచ్చింది. అందులో లారా యాడ్ ఏజెన్సీలో పనిచేసుకుంటూ సొంత ఫ్లాట్‌లో ఉండే మనిషి. పోలీసాయన ఆవిడ బొమ్మ చూసి ప్రేమలో పడతాడు, ఆవిడ తలుపు తీసుకుని బతికి వస్తుంది. ఒక్కొక్కరూ తలో భాగం చెప్తారు, లారా గొంతు వినబడ్డాకగానీ మగవాళ్ళు ఆవిడ గురించి చెప్పిందంతా ఎంత సొంత కల్పనో అర్థం కాదు. వీళ్ళనీ మార్గరెట్ మిల్లర్ లాంటివాళ్ళనీ చాలాకాలం క్లాసిక్ జాబితాలో ఎవరూ పట్టించుకోలేదు, 2015లో లైబ్రరీ ఆఫ్ అమెరికా అనే ప్రచురణ సంస్థ ఎనిమిది నవలలు రెండు సంపుటాలుగా వేసింది.

ఓరుగల్లు_పోరడు
మార్గరెట్ మిల్లర్ అంటే రాస్ మెక్‌డొనాల్డ్ భార్యనే కదా? ఆయన పేరు విన్న, లూ ఆర్చర్ డిటెక్టివ్ నవలలు రాసినోడు.

ముళ్ళకంప
చూశావా తమ్ముడూ, నువ్వు కూడా "భార్య" అనే గుర్తుపట్టావ్. ఆవిడ నవల బీస్ట్ ఇన్ వ్యూకి, మిస్టరీలకిచ్చే ఎడ్గర్ అవార్డు వచ్చింది, 1956లో.

ఓరుగల్లు_పోరడు
తప్పయింది అక్కా. ఇగ ఆయననే మిల్లర్ మొగుడు అని గుర్తువెట్టుకుంట.

టెక్సాస్_తాతయ్య
😀 సరైన శిక్ష.

ఆ తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. 1977లో మార్షా మల్లర్ షారన్ మెకోన్ అనే ఆడ డిటెక్టివ్‌ని తెచ్చింది, 1982లో ఒకే ఏడాది సారా పరెట్స్కీ రాసిన వి.ఐ. వార్షాస్కీ, సూ గ్రాఫ్టన్ రాసిన కిన్సీ మిల్‌హోన్ వచ్చారు. మా ఆవిడకి కిన్సీ అంటే చాలా ఇష్టం, లైబ్రరీలో వరసగా తెచ్చుకుని చదివింది. 1986లో పరెట్స్కీ వాళ్ళు సిస్టర్స్ ఇన్ క్రైమ్ అనే సంఘం పెట్టుకున్నారు, పత్రికల్లో సమీక్షలన్నీ మగ రచయితల పుస్తకాలకే వస్తున్నాయని.

బెజవాడ_బాబ్జీ
అవి ఒకటి రెండు చదివా. మార్లో టోపీ తీసి ఆడమనిషికి పెట్టినట్టే ఉంది, దెబ్బలూ అవే, విస్కీ అదే. అంతదానికి విప్లవం అనాలా?

పాత_నిఘా
నాకలా అనిపించలేదు బాబ్జీ గారు. వార్షాస్కీ దెబ్బలు తిని వస్తే కట్టు కట్టడానికి డాక్టర్ లోటీ ఉంటుంది, తిట్టడానికి కింద ఫ్లాట్‌లో ముసలి కాంట్రెరాస్ ఉంటాడు. కిన్సీకి ఇంటి ఓనరు హెన్రీ రొట్టెలు చేసి పెడతాడు. మార్లోకి ఎవరున్నారు? ఫీల్డ్‌లో చేసినవాళ్ళకి తెలుస్తుంది, రాత్రి పదకొండుకి ఇంటికొస్తే అన్నం మూతపెట్టి ఉంచే మనిషి ఉందో లేదో అన్నదానిమీదే మర్నాడు మళ్ళీ వెళ్ళగలమా లేదా అనేది ఉంటుంది. నాకు మా అత్తగారు ఉంచేది. ఆ ఆరేళ్ళూ ఆవిడ చలవే.

అర్ధరాత్రి_రీడర్
మా నాన్నకి ఆ ట్రంకు పెట్టెలో ఇలాంటి పుస్తకం ఒకటైనా ఉండుంటే బాగుండేది.

ఆదివారం_ఆబిడ్స్
రెండ్రోజులు రాలేకపోయాను. బాబ్జీ గారు ఎఫీ మాట ఎత్తారని మాల్టీస్ ఫాల్కన్ మళ్ళీ తీశాను, చివరి పేజీ అసలు మర్చిపోయాను. బ్రిజిడ్‌ని పోలీసులకి అప్పజెప్పిన తర్వాత సోమవారం పొద్దున స్పేడ్ ఆఫీసుకొస్తాడు. ఎఫీ పేపర్ పట్టుకుని కూర్చుని ఉంటుంది, ఇందులో రాసింది నిజమేనా అని అడుగుతుంది. ఆవిడ మొదట్నుంచీ బ్రిజిడ్ మంచిదే అని చెప్తూ వచ్చింది కదా, దాన్ని పట్టుకుని ఆడవాళ్ళ మనసు పసిగడుతుందన్నావే అని స్పేడ్ ఎగతాళి చేస్తాడు. ఆవిణ్ణి నువ్వే పట్టించావా అని అడుగుతుంది ఎఫీ. అవునంటాడు, ఎందుకో చెప్తాడు, నడుం చుట్టూ చెయ్యి వేస్తాడు. తప్పించుకుంటుంది. నువ్వు చేసింది రైటే, నాకు తెలుసు, కానీ ఇప్పుడు మాత్రం నన్ను ముట్టుకోవద్దు అంటుంది. స్పేడ్ మొహం కాలర్ అంత తెల్లగా పాలిపోతుంది. ఇంతలో తలుపు చప్పుడు, ఎఫీ వెళ్ళి చూసొచ్చి ఐవా వచ్చింది అని చెప్తుంది. స్పేడ్ ఒణుకుతాడు, లోపలికి పంపమంటాడు.

అయిపోయింది, అదే ఆఖరు. తర్కం మొత్తం స్పేడ్ వైపే ఉంది, ఎఫీ ఒప్పుకుంది కూడా, అయినా చెయ్యి పడనివ్వలేదు. మగాడివమ్మా అని మెచ్చుకున్న మనిషి దగ్గర్నుంచి ఒక్క అడుగు పక్కకి జరిగింది, పుస్తకం అక్కడ ఆగింది. 1930లోనే హామెట్ ఆ అడుగు రాశాడు, తర్వాత వచ్చినవాళ్ళు స్పేడ్‌ని తీసుకున్నారు, ఎఫీని వదిలేశారు.

ముళ్ళకంప
నల్లపిల్లి గారు లేదన్న నాలుగో కుర్చీ ఇదేనేమో. ఎవరి పక్కనా కాకుండా దూరంగా వేసుకున్నది.

నల్లపిల్లి
అవును. నేను చెల్లెమ్మ అని తేల్చేశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

బెజవాడ_బాబ్జీ
ఒక్క నిమిషం. ఈ సీను నాకు అస్సలు గుర్తులేదు. లిఫ్ట్ చువ్వల వెనకాల బ్రిజిడ్ కిందకి దిగిపోవడం గుర్తుంది.

టెక్సాస్_తాతయ్య
అది 1941 సినిమా బాబ్జీ. జాన్ హ్యూస్టన్ తీసింది. సినిమాలో ఎఫీ చివరి సీను లేదు, లిఫ్ట్‌తోనే ఆఖరు.

బెజవాడ_బాబ్జీ
కాదండీ, నేను పుస్తకమే చదివాను, ఒక్కసారి కాదు, నాలుగుసార్లు చదివుంటా. ఉండండి, అటక మీద ఉంది, తీసి చూస్తా.

బెజవాడ_బాబ్జీ
తీశాను. 1991లో ఏలూరు రోడ్డులో 12 రూపాయలకి కొన్నట్టు లోపల నా చేత్తోనే రాసుంది. పోలీసులు ఇంట్లోకి రావడం, స్పేడ్ ఆవిణ్ణి అప్పజెప్పడం, అక్కడితో కాగితం అయిపోయింది. దాని తర్వాత కుట్టు దగ్గర చిరుగు ఉంది. ఆఖరి కాగితం లేదు. ఇన్నేళ్ళూ ఈ పుస్తకం అక్కడే అయిపోయిందనుకున్నా, ఎవరడిగినా స్పేడే కరెక్ట్ అని చెప్తూ వచ్చా.

ఎవరైనా ఆ చివరి పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టగలరా?

ఆదివారం_ఆబిడ్స్
మీ ఇన్‌బాక్స్‌లో పెట్టాను, చూడండి.